తీగ కింద నూలుపోగు

నెల్లిమర్ల
6-2-2012, సోమవారం

ఈ రోజు పనులు: ఇడ్లీకి రుబ్బడం అయింది. కందిపప్పు ఎండబోసి డబ్బాలకెత్తాను. అత్తయ్య కళ్లజోడుకి ఊడిన స్క్రూ బిగించాను. కుట్టుమిషనుకి నూనె వేశాను. మిల్లు సైరన్ మోగే వేళకి మీ అన్నయ్యకి కొట్టుకి కేరేజీ పంపాను. మిగిలింది నీకు ఉత్తరం.

భరణీ, అక్కడ కొండమీద చలి తగ్గిందా? శాలువా కప్పుకుని పిల్లల కాపీలు దిద్దుతున్నావని అనుకుంటూ రాస్తున్నాను.

నీ పేరున కొరియర్‌లో ఒక పెట్టె వచ్చింది. తెచ్చినవాడు ఇంటికి రాకుండా కొట్టులోనే ఇచ్చేశాడు. మీ అన్నయ్య తన సరుకే అనుకుని విప్పేశాడు. లోపల గుర్రపునాడా లాంటి మెరిసే పలక, దాని మీద అడ్డంగా ఒక కడ్డీ, కడ్డీకి ఆరు చిన్న మేకులు, పక్కన వంగిన పిడి, పిడి కింద బొద్దు స్ప్రింగు. ఇనుప సామాన్లు అమ్మేవాడికి ప్రతి వస్తువూ ఏదో ఒక తలుపుదే అనిపిస్తుంది కదా. కొత్త రకం గడియ అని గాజు అలమరలో పెట్టించాడు. సాయంత్రం ఒక పెద్దమనిషి దాన్ని తన సింహద్వారానికి బేరమాడుతుంటే, పెట్టె మీద నీ పేరు అసిరయ్య కంటబడిందట. "బాబూ, ఇది భరణమ్మగారిది. ఏటికో తెప్పించుకున్నారు" అని ఆయన చేతిలోంచి లాక్కున్నాడట. మీ నాన్నగారి కాలం నుంచీ కొట్టులో ఉన్నవాడు కాబట్టి చెల్లింది.

ఇది నీ గిటారుదేనని నా అనుమానం. సంతరోజు నువ్వు కిందికి దిగినప్పుడు ఫోన్లో అడగొచ్చు. కానీ మనింటి ఫోను అత్తయ్య మంచం పక్కనే. గిటారు అన్న మాట వినబడితే చాలు, "ఆడపిల్ల పదిమందిలో నిలబడి వాయించడమేటి? ఆ కర్రముక్క ఊసు నా దగ్గర ఎత్తకండి" అని అటు తిరిగి పడుకుంటారు. అమ్మాకూతుళ్లు కూరల నుంచి జీతం వరకూ అన్నీ మాట్లాడుకుంటారు, అదొక్కటీ తప్ప. అందుకని ఉత్తరం.

దీన్ని ఏం చెయ్యమంటావు? గిటారు బీరువా మీద పాత దుప్పటిలో భద్రంగా ఉంది.

వదిన భాగ్యవతి


కొండగూడ ఆశ్రమ పాఠశాల
10-2-2012

వదినా,

సింహద్వారం పాలు కాకుండా కాపాడినందుకు ముందు అసిరయ్యకి ఒక దండం.

దాన్ని వైబ్రేటో అంటారు. గిటారు తోకవైపు బిగిస్తారు. తీగల చివర్లు ఆ కడ్డీ మేకులకి తగిలిస్తారు. పిడి నొక్కితే కడ్డీ కొద్దిగా తిరిగి, తీగలన్నీ ఒకేసారి వదులై స్వరం కిందికి జారుతుంది. వదిలితే మళ్లీ పైకొస్తుంది. మెల్లగా ఊపితే స్వరం వణుకుతుంది.

ఎందుకో కూడా చెబుతాను. శ్రీకాకుళంలో ఆర్కెస్ట్రా నడిపే శివాజీ గారు పోయిన వేసవిలో నా వాయింపు విన్నారు. "వేళ్లు బాగున్నాయమ్మా, కానీ నీ తీగ ఏడవదు. పాత పాటలకి తీగ ఏడవాల" అని పంపేశారు. ఇప్పుడు ఆయన గిటారిస్టు హైదరాబాదు వెళ్లిపోయాడు. మార్చి పదకొండున నౌపడలో ఉప్పు వర్తకుల ఇంట్లో పెళ్లి కచేరీ ఉంది. "ఆ ఒక్కరోజు వాయించు. నచ్చితే ఈ వేసవి కచేరీలన్నీ నీవే. నచ్చకపోతే మళ్లీ నన్నడక్కు" అన్నారు. నాకు ఉన్నది ఆ ఒక్క ఆదివారం, వదినా.

పరీక్షల ముందు నాకు సెలవివ్వరు. ఆ రోజు పొద్దున్నే ఇక్కడి నుంచి తిన్నగా నౌపడ వస్తాను. ఆ పెళ్లికి మనింటికీ పిలుపు ఉంది కాబట్టి మీరు గిటారు తీసుకురండి. ఈలోగా బిగించేది నువ్వే. మనింట్లో మిక్సీ నుంచి కుళాయి వరకూ ఏది బాగుపడినా నీ చేతిలోనే బాగుపడింది.

తీగలు విప్పి, తోకవైపు ఉన్న పాత కడ్డీ తీసెయ్యి. తీగలు ఆనుకునే బ్రిడ్జిని మాత్రం కదపకు. పాత కడ్డీ కింద సన్నటి వైరు కనబడుతుంది, అది ఎర్తు. కొత్త పలకకి తగిలేలా ఉంచు, లేకపోతే స్పీకరు గుయ్యిమంటుంది. పలక నట్టనడుమ కూర్చోవాలి. వంకరగా కూర్చుంటే చివరి తీగ మెడ మీద నుంచి జారిపోతుంది. మిగతాది బొమ్మ వేశాను, చూడు.

శ్రుతి సంగతే కష్టం. నా ట్యూనరుని పిల్లలు బకెట్లో పడేశారు. పిడి నొక్కి వదిలాక తీగ మళ్లీ మొదటి స్వరానికే రావాలి. చెవి ఉన్నవాళ్లెవరైనా విని చెబితే బాగుండు.

అమ్మకి తెలియనివ్వకు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
భరణి


నెల్లిమర్ల
16-2-2012, గురువారం

భరణీ, కన్నాలు పడ్డాయి. ఇక వెనక్కి పోయే దారి లేదు.

మంగళవారం ఇనుము పెట్టి తొలవకూడదు కాబట్టి బుధవారం, అత్తయ్య కన్యకాపరమేశ్వరి గుడికి భజనకి వెళ్లిన వేళ మొదలుపెట్టాను. ముందు డ్రిల్లుకీ, నీ గిటారుకీ పసుపు రాసి బొట్టు పెట్టాను. వెనకవైపే పెట్టాను, తుడిచెయ్యకు.

నడుమ ఎక్కడో తేల్చడానికి ముగ్గుపిండి అద్దిన దారం వాడాను. మెడ పైనుంచి అటొకటి ఇటొకటి రెండు దారాలు లాగి కడ్డీ చివరి మేకులకి కట్టి, రెండు అంచుల దగ్గరా ఖాళీ సమానంగా వచ్చేదాకా పలకని జరిపాను. ఎంత లోతు తొలవాలో డ్రిల్లు మొనకి టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాను. స్క్రూలకి సబ్బు రాశాను, కర్ర పగలకుండా దిగాయి. గిటారు పట్టుకోమంటే అసిరయ్య రెండుసార్లు చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "తలుపులు ఎన్నో తొలిసినానమ్మా. పాటలు పాడేదాన్ని తొలవనేదు. ఏటైనా అయితే నా పేరు సెప్పకండి" అన్నాడు. ఎర్తు వైరు పలక కిందే ఉంది, నా కళ్లతో చూశాను.

తీగలు ఎక్కించడమే నా ప్రాణం తీసింది. ఈ చివర మేకుకి తగిలించి, ఆ చివర మర తిప్పేలోగా ఈ చివర ఊడిపోతుంది. చివరికి దండెం మీద బట్టలకి పెట్టే క్లిప్పు తెచ్చి నొక్కిపెట్టాను. ఆ తర్వాత బుద్ధిగా నిలబడ్డాయి.

ఇక అసలు సంగతి. పిడి నొక్కి వదిలితే స్వరం వెనక్కి రావడం లేదు. మూడో తీగ మరీ మొండి. ఈ మాట నాది కాదు, నాకు కుక్కర్ విజిల్ తప్ప ఏ శ్రుతీ తెలియదని నీకు తెలుసు. ఒకరు విన్నారు. మరలు తిప్పి శ్రుతి చేసి, నా చేత పిడి నొక్కించి, మళ్లీ విని చెప్పారు. ఎవరని అడక్కు. దీపం ముందు ఒట్టు వేయించుకున్నారు. నేను ఒట్టు తప్పే మనిషిని కాను.

ఏం చెయ్యాలో వెంటనే రాయి.

క్లిప్పులన్నీ నీ గిటారుకి పోగొట్టుకున్న
వదిన


కొండగూడ
20-2-2012

నా బంగారు వదినా,

స్టాఫ్ రూములో నీ ఉత్తరం బయటికి చదివాను. క్లిప్పు దగ్గర అందరూ చప్పట్లు కొట్టారు.

రెండు సంగతులు చూడు. పలక ముందువైపు ఇంకో సన్న కడ్డీ ఉంటుంది. తీగలు దాని కింద నుంచి వెళ్లాలి, పై నుంచి కాదు. పై నుంచి వెళ్తే బ్రిడ్జి మీద ఆనవు. రెండోది, మెడ చివర తీగలు కూర్చునే గాడులున్నాయి కదా. పిడి నొక్కినప్పుడు తీగ అక్కడ జారాలి. జారకుండా ఇరుక్కుంటే స్వరం వెనక్కి రాదు. పెన్సిలు ములుకు చెక్కి, ఆ పొడి గాడుల్లో రాయి. నూనె మాత్రం వద్దు.

ఇంక నీ ఒట్టు సంగతి. "ఒకరు" అని అంత మర్యాదగా రాసినంత మాత్రాన నాకు తెలియదనుకున్నావా? అసిరయ్యే! వయసులో ఉన్నప్పుడు పెళ్లి మేళంలో సన్నాయి ఊదేవాడని నాన్న చెప్పేవారు. పేరు చెప్పొద్దన్నాడని నువ్వే రాశావు కూడా. మా తోటి టీచరు పద్మకుమారి విజయనగరం వస్తోంది. ఆవిడ చేత కొండతేనె ఒక సీసా పంపుతున్నాను. అది అసిరయ్యకి. నువ్వు ముట్టుకోకు, నీకు వేరే తెస్తాను.

అంతా సర్దుకుంటుందనే ధైర్యంతో
భరణి


నెల్లిమర్ల
25-2-2012, శనివారం

భరణీ, నీ పద్మకుమారి మంచి మనిషే గానీ గొంతు పెద్దది. గుమ్మంలో నిలబడే "ఇది అసిరయ్య గారికండీ, గిటారు శ్రుతి చేస్తున్నందుకు భరణి పంపింది" అని సీసా ఎత్తి చూపించింది. అత్తయ్య మంచం మీదే ఉన్నారు. అటు తిరిగి పడుకున్నారు.

నేను ఆ సీసా ఆపలేకపోయాను, ఎందుకో చెప్పలేకపోయాను. అసిరయ్య మాత్రం "నానేటి సేసినాను? గిటారు పట్టుకున్నాను గదా, దానికే అయ్యుంటాది" అని సంబరంగా ఇంటికి పట్టుకెళ్లాడు.

నీ రెండు సంగతులూ చూశాను. మొదటిది నా తప్పే, తీగలు సన్న కడ్డీ పై నుంచే వేశాను. నీ బొమ్మలో అది నీ కాఫీ మరకలో ఉంది. అన్నీ విప్పి మళ్లీ వేశాను. గాడుల్లో పెన్సిలు పొడి రాశాను. ఆ తర్వాత విన్నవాళ్లు రెండు రోజులు గిటారు ముట్టుకోలేదు, అలక. మూడో రోజు వాళ్లే పిలిచి, కూర్చుని, పిడి నొక్కించి, "ఇప్పుడు తిన్నగా వస్తన్నాది" అన్నారు. మూడో తీగ కూడా దారికొచ్చింది.

కానీ నిన్నటి నుంచి కొత్త జబ్బు. ప్రతి తీగా గుయ్యిమంటోంది. కందిరీగ గాజుగ్లాసులో పడ్డట్టు. నేను కంగారు పడితే, విన్నవాళ్లు మాత్రం "ఇప్పుడే ప్రాణమొచ్చినాది, ఉండనీ" అంటున్నారు. నువ్వు స్పీకరు గుయ్యిమనకూడదన్నావు. ఎవరి మాట వినను?

వదిన


కొండగూడ
29-2-2012

వదినా,

అమ్మకి తెలిసిపోయింది. అటు తిరిగి పడుకుందంటే ఎంత కోపమో నాకు తెలుసు. పెళ్లిలో ఆవిడ ఎదురుగా కూర్చుంటే నా వేళ్లు కదులుతాయా?

అది చాలనట్టు ఈ మోత. ఎర్తు వైరు ఊడి ఉంటుంది. ప్రాణమొచ్చిందట! ఆ మోతతో వేదికెక్కితే శివాజీ గారు మొదటి పాటకే దింపేస్తారు. సన్నాయి ఊదినంత మాత్రాన గిటారు తెలుస్తుందా? అసిరయ్యని ఇక ముట్టుకోనివ్వకు. అసలు చేతగానివాళ్లకి అప్పజెప్పడం నా తప్పు.

సోమవారం సంతకి దిగి శివాజీ గారికి ఫోన్ చేస్తాను, రానని చెప్పేస్తాను.

భరణి


నెల్లిమర్ల
4-3-2012, ఆదివారం

భరణీ, చేతగానివాళ్లు అన్న మాట నాకు కూడా తగిలింది. తగిలిందని రాసేసి, పనిలోకి వస్తున్నాను.

స్పీకరు వైరు పీకేశాను. అయినా మోత ఉంది. కరెంటే లేనప్పుడు ఎర్తు తప్పు ఎలా అవుతుంది? కాబట్టి వైరు కాదు. పలక స్క్రూలు చూశాను, బిగువుగా ఉన్నాయి. స్ప్రింగు కదిపాను, అది పలకడం లేదు. అప్పుడు అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క తీగా మొదటి నుంచి చివరి దాకా చూసుకుంటూ వచ్చాను. బ్రిడ్జి మీద, ప్రతి తీగ కిందా ఒక తెల్లటి నూలుపోగు ఉంది. ఒకటి లాగితే ఆ తీగ మోత ఆగింది. మళ్లీ పెడితే మొదలైంది. పోగు ఎంత సన్నమంటే మామూలు దారం కాదు. మనింట్లో అలాంటి నూలు ఉన్నది ఒక్కచోటే: దీపం వత్తులకని పొందూరు నుంచి తెప్పించుకునే చిలప, దేవుడి గూట్లో.

నేను పెట్టలేదు. అసిరయ్య పెట్టలేదు, దేవుడి గూట్లో చెయ్యి పెట్టే ధైర్యం వాడికి లేదు. మీ అన్నయ్యకి అలాంటి గూడు ఒకటుందన్న సంగతే తెలియదు. ఒట్టు వేసినదాన్ని, ఇంతకు మించి రాయను. పాఠాలు చెప్పేదానివి, మిగతాది నువ్వే చదువుకో.

శివాజీ గారికి ఫోన్ చేసి ఉండకపోతే బాగుండు.

భాగ్యవతి


కొండగూడ
7-3-2012

వదినా, అది జీవ!

అమ్మ భజనలో తంబురా మీటేది, నీ పెళ్లికి ముందు. నేను ఒళ్లో కూర్చుని చూసేదాన్ని. తీగ కింద నూలుపోగు దూర్చి, ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఎక్కడ ఝుమ్మంటే అక్కడ ఆపేది. దాన్నే జీవ అంటారు. "జీవ లేని తీగ పలికితే ఎంత, పలకకపోతే ఎంతే" అనేది. ఈ జిల్లాలు రెండూ గాలించినా గిటారుకి జీవ పెట్టే మనిషి ఇంకొకరు దొరకరు. మూడు వారాలుగా నా గిటారు శ్రుతి చేస్తున్నది మా అమ్మా? నేనేమో ఆవిడ ఎదుటే తేనె అసిరయ్యకి పంపానా!

సోమవారం శివాజీ గారికి ఫోన్ చేశాను. ఎంతసేపు మోగినా ఆయన ఎత్తలేదు. ఎత్తని ఆ చేతికి దండం పెట్టుకుంటున్నాను.

అన్ని తీగలకీ జీవ ఉంటే ఈ కచేరీ చెడుతుంది, అది నిజం. అయినా నువ్వు తియ్యకు. పెట్టిన చెయ్యే తియ్యాలి. తియ్యకపోతే అలాగే వాయిస్తాను. గిటారు ఎలా ఉంటే అలా తీసుకురా. అమ్మనీ తీసుకురా. నాకు తెలిసిందని మాత్రం చెప్పకు.

చేతగానివాళ్లు అన్న మాట కొట్టేసుకో. రాసినప్పుడు నాకు బుద్ధి లేదు.

నీ భరణి


నెల్లిమర్ల
14-3-2012, బుధవారం

భరణీ, నువ్వు బస్సు వేళయిందని వాయించిన వెంటనే పరిగెత్తావు. తర్వాత జరిగింది నీకు తెలియాలి. నా ఒట్టు అత్తయ్యే విప్పేశారు కాబట్టి ముందుది కూడా రాస్తాను.

ఆ బుధవారం భజన తొందరగా అయిపోయి, ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి నేను నేలమీద, నా ఒళ్లో నీ గిటారు. చివాట్లకి సిద్ధపడ్డాను. నేను ఒక తీగ మీటి చూసుకుంటుంటే, "ఒసే, ఆ మూడోది దిగిపోయి ఉన్నాదే" అన్నారు. మీకెలా తెలుసు అని అడిగాను. "ఈ గోడవతలే గదా అది రోజూ శ్రుతి సేసుకునీది. ఎన్నేళ్లు ఇన్నాను! నాకు తెల్దేటి?" అన్నారు. ఆ తర్వాతే ఒట్టు. "దానికి సెప్పకు. సెప్తే రోజూ ఫోన్ సేసి నన్నే అడుగుతాది."

పదకొండున పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, గిటారు ఒళ్లో పెట్టించుకుని, పోగులు ఒక్కొక్కటే తీసేశారు. "పెళ్లివారింట్లో జనం గోలకి ఇన్ని జీవలెందుకు" అని తనే అన్నారు. బొద్దు తీగది మాత్రం ఉంచేశారు. "కింది శ్రుతికుండాల" అని. వేదిక వెనక నువ్వు ఆ పోగుని చూసి, ఆవిడ వైపు చూసి, తియ్యకుండా తగిలించుకు వెళ్లిపోయావు. అప్పుడు అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఇప్పటికీ గోరు గుర్తు ఉంది.

నువ్వు వేదిక మీద ఉన్నంతసేపూ నేను నిన్ను చూడలేదు, ఆవిడనే చూశాను. నువ్వు పిడి నొక్కినప్పుడల్లా ఆవిడ వేళ్లు గాలిలో మర తిప్పుతున్నాయి. పక్కావిడ దోమలనుకుని విసనకర్ర ఇచ్చింది. స్వరం జారి, వణికి, మళ్లీ తన చోటికి వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం అత్తయ్య చెయ్యి ఆగింది. నాకు శ్రుతి తెలియదు గానీ ఆ ఆగడం తెలిసింది.

మేం భోజనాల దగ్గరుంటే శివాజీ గారు వెతుక్కుంటూ వచ్చారు. మీ అన్నయ్యతో, "గోవిందరావు గారూ, మీ సెల్లి తీగ ఈసారి ఏడ్సినాది. నా పక్కన కీబోర్డు కుర్రోడు కూడా కళ్లు తుడుసుకున్నాడు" అన్నారు. "వేసవి కచేరీలన్నీ ఆవిడివే, ఏప్రిల్లో మొదలు, సెప్పండి" అన్నారు. వెళ్లబోతూ ఆగి, "మొదటి పాటలో కింద ఝుమ్మన్నాదే, అదేటి మెషీను?" అని అడిగారు. అత్తయ్య విస్తరిలోంచి తల ఎత్తి, "మెషీను గాదు నాయనా, నూలుపోగు" అన్నారు. ఆయన నవ్వి, "ఆ పోగు పెట్టినోళ్లనీ తీసుకురమ్మనండి" అని వెళ్లిపోయారు.

కాబట్టి ఆ చోటు నీదే, భరణీ. చదివాక మీ స్టాఫ్ రూములో వాళ్లకి కూడా చెప్పు, క్లిప్పుకి చప్పట్లు కొట్టినవాళ్లు కదా.

అత్తయ్య ఇప్పుడు నా పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. రాయమని చెబుతున్నారు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"పిడి మరీ అంతలా ఊపీకు. ఏడిపించడానికి పిడెందుకే, వేలు సాలదేటి? రెండూ కలిపి సెయ్యి. నాలుగో పాటలో మూడో తీగ ఎంట్రుకవాసి దిగినాది. ఎవులూ పట్టనేదు, నాను పట్టినాను. సెలవులకి రా, కూకోబెట్టి సెప్తాను. నిలబడి వాయించు, నానేటీ అనను."

ఇంకొకటి కూడా రాయమన్నారు. ఈ పొద్దున్న అసిరయ్య, ఎవరు చెప్పారో ఏమో, మిగిలిన తేనె సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "పెద్దమ్మగారూ, ఇది మీకొచ్చిందట. తెలీక నాకేసినాను" అన్నాడు. ఆవిడ ఒక చెంచాడు తీసుకుని నాలిక మీద వేసుకుని, మిగతాది వాడికే ఇచ్చేశారు. తేనె బాకీ చెల్లు.